శనివారం కాగితం: బడి కబుర్లు ఇంటికి చేరేలా రాయడం ఎలా

మా బడి విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. బోర్డు మీద ఇప్పటికీ 'బాలుర ప్రాథమిక పాఠశాల' అనే ఉంటుంది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 84 మంది మగపిల్లలు, హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయులు) గారితో కలిపి నలుగురం టీచర్లం. 2013 నుంచి ప్రతి శనివారం పిల్లల చేతికి ఒక కాగితం ఇచ్చి ఇంటికి పంపుతున్నాను. ఒక వైపు వచ్చే వారం బడిలో ఏముందో ఉంటుంది, రెండో వైపు ఈ వారం ఏం జరిగిందో. దానికి వేరే పేరు పెట్టలేదు. పిల్లలు 'శనివారం కాగితం' అన్నారు, ఇళ్లలోనూ అదే పేరు నిలిచింది.

ఈ మధ్య కొందరు టీచర్లు మా బడిలో కూడా మొదలుపెడతాం, ఎలా చేస్తున్నారో చెప్పండి అని అడుగుతున్నారు. నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఒక తల్లి మాటతో మొదలైంది. ఆమె దాసన్నపేట రైతుబజారులో కూరలు అమ్ముతుంది. తెల్లవారకముందే ఇల్లు విడిచి వెళ్తుంది. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి, "మా గుంటడు ఇంటికొచ్చి ఏటీ సెప్పడు బాబూ. బడిలో ఏటైందిరా అంటే ఏటీ నేదంతాడు" అంది. ఆ వారం వాళ్ల అబ్బాయి బడి మొత్తానికీ రెండు పద్యాలు తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. అంతకు ముందు వారం తల్లిదండ్రుల మీటింగ్ జరిగిందనీ తెలియదు. మేం పిల్లల చేత డైరీలో రాయించాం, నోటీసు బోర్డు మీదా పెట్టాం. ఆమెకు మాత్రం ఒక్క ముక్క చేరలేదు. మగపిల్లలు ఇంట్లో బడి సంగతులు తక్కువ చెబుతారని నా అనుభవం. వాళ్లకు దాచాలని ఉండదు. గేటు దాటగానే గోళీలు, క్రికెట్టు, అంతే, బడి అక్కడే ఉండిపోతుంది.

ఎవరు చదువుతారో ముందు తెలుసుకోవాలి

కాగితం ఎంత అందంగా ఉందన్నది తర్వాతి సంగతి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి పిల్లవాణ్నీ పక్కకు పిలిచి ఒక్కటే అడుగుతాను: "ఇంట్లో నీకు కాగితం చదివి పెట్టేది ఎవరు?" ఈ ఏడాది మా లెక్క ఇలా వచ్చింది. 31 ఇళ్లలో తల్లి గానీ తండ్రి గానీ తెలుగు ధారాళంగా చదువుతారు. 22 ఇళ్లలో అక్కో, అన్నో, మేనమామో చదువుతారు. మిగిలిన 31 ఇళ్లలో చదవగలిగింది మన పిల్లవాడు ఒక్కడే. కొందరి తల్లిదండ్రులు హైదరాబాదులోనో, చెన్నైలోనో పనిలో ఉంటారు, పిల్లవాడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. ఆ అమ్మమ్మకు కాగితం వినిపించేది కూడా వాడే.

ఈ లెక్క చేతికి వచ్చాక నా రాత పూర్తిగా మారిపోయింది. అంతకు ముందు నేను పెద్దవాళ్లకు రాస్తున్నాననుకునేవాణ్ని. నిజానికి మూడో తరగతి కుర్రాడు పైకి చదివితే పెద్దవాళ్లు వినేది ఇది. కాబట్టి వాక్యం వాడు ఒక్క ఊపిరిలో చదవగలిగినంతే ఉండాలి. వాడి నోరు తిరగని మాట వాడకూడదు.

మా ఆఫీసు ఉత్తరాల అలవాటు కొద్దీ మొదట్లో నేను ఇలా రాసేవాణ్ని: "తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, తేదీ 10న పాఠశాల యందు నులిపురుగుల నివారణ కార్యక్రమము నిర్వహించబడును. కావున విద్యార్థులు విధిగా హాజరు కావలెను." ఒక కుర్రాడు దీన్ని వాళ్ల నాయనమ్మకు చదివి వినిపించాడట. ఎవరో పోలీసులు వస్తున్నారనుకుని ఆమె భయపడి, వాణ్ని ఆ రోజు బడికి పంపలేదు. ఇప్పుడు అదే సంగతి ఇలా రాస్తాను: "సోమవారం, 10వ తేదీ. కడుపులో పురుగులు పోయే మాత్ర ఇస్తాం. బడిలోనే, మా ముందే నమిలి మింగాలి. అన్నం తిని రండి. ఆ రోజు జ్వరం ఉంటే మాకు చెప్పండి, తగ్గాక ఇస్తాం. డబ్బులు అక్కర్లేదు."

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు బడి చదువు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన, గురజాడ అప్పారావు గారు మా విజయనగరంలోనే కలిసి చదువుకున్నారు. అలాంటి గాలి పీల్చుకున్న ఊళ్లో కూర్చుని 'తెలియజేయునది ఏమనగా' అని రాస్తే నాకు తప్పు చేసినట్టే ఉంటుంది. మా ఏ.ఎన్.ఎం. (ఆరోగ్య కార్యకర్త) గారికైనా, హెచ్.ఎం. గారికైనా ఇదే చెబుతాను: మీరు ఆ తల్లికి ఎదురుగా నిలబడి ఎలా చెబుతారో అలాగే చెప్పండి, నేను అదే రాసుకుంటాను.

రాబోయేవి ముందు, జరిగినవి తర్వాత

చాలా బళ్ల పత్రికల్లో మొదట జరిగిన వేడుకల ఫోటోలు ఉంటాయి, వచ్చే వారం సంగతి ఎక్కడో అడుగున ఉంటుంది. నేను దాన్ని తిరగేశాను. ఇంటివాళ్లు ముందు తెలుసుకోవాల్సింది సోమవారం పిల్లవాణ్ని ఏ టైముకి, ఏం ఇచ్చి పంపాలన్నది. మురిపెం తర్వాత.

రాబోయే ప్రతి సంగతికీ ఐదు జవాబులు ఉండాలి. వారమూ తేదీ రెండూ, టైము, పిల్లవాడు ఏం తేవాలి, డబ్బులు కావాలా వద్దా, పెద్దవాళ్లు రావాలా వద్దా. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తగ్గినా ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

చివరి రెండింటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేవి అవే. మా పిల్లల నాన్నల్లో చాలామంది రోజు కూలీకి వెళ్తారు. కొందరు పొద్దున్న రైలెక్కి విశాఖపట్నం పోతారు. 'బడిలో కార్యక్రమం ఉంది' అని మాత్రం రాసి ఊరుకుంటే, రాకపోతే పిల్లవాడికి ఏమవుతుందో అని పని మానుకుని వచ్చేవాళ్లున్నారు. ఒకసారి ఒక తండ్రి అలాగే వచ్చి మధ్యాహ్నం దాకా చెట్టు కింద నిలబడ్డాడు. ఆ రోజు మేం పిల్లల చేత మొక్కలు నాటించాం, అంతే. పెద్దవాళ్లతో పని లేదు. "రావాలేమో అనుకున్నాను మేస్టారు" అన్నాడు. ఆయనకు ఆ రోజు కూలీ పోయింది. తప్పు నాది, నేను రాయలేదు. అప్పటి నుంచి ప్రతి అంశం చివరా ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది: 'పెద్దవాళ్లు తప్పకుండా రావాలి', 'వీలైతే రండి', 'పని మానుకుని రానక్కర్లేదు'.

డబ్బుల సంగతీ అంతే. 'డబ్బులు అక్కర్లేదు' అన్న రెండు మాటలు ప్రతిసారీ రాయండి, అవసరం లేదనిపించినా రాయండి. ఆ మాట కనపడకపోతే అమ్మమ్మ కొంగున కట్టుకున్న ఇరవై రూపాయలు విప్పి ఇస్తుంది.

ఇంకొక జాగ్రత్త. కాగితంలో 'రేపు', 'ఎల్లుండి', 'వచ్చే సోమవారం' అనే మాటలు ఎప్పుడూ రాయకూడదు. శుక్రవారం నేను రాసిన 'ఎల్లుండి' ఆదివారం సాయంత్రం చదివేవాళ్లకు మంగళవారం అవుతుంది. మా తొలి ఏడాదిలో ఈ పొరపాటు వల్ల ఇద్దరు అన్నదమ్ములు సెలవు రోజున తెల్ల చొక్కాలు వేసుకుని మూసిన గేటు దగ్గర గంట సేపు కూర్చున్నారు. ఇప్పుడు 'మంగళవారం, 26 ఆగస్టు' అని వారం, తేదీ, నెల మూడూ రాస్తాను. నెలవంక చూసి నిర్ణయించే రంజాన్ లాంటి పండుగల సెలవుల దగ్గర 'ఈ తేదీ మారొచ్చు' అని పక్కన రాసి, గేటు బోర్డు చూడమంటాను.

వారం ఎలా గడుస్తుంది

సోమవారం నుంచి గురువారం దాకా నా టేబుల్ మీద ఒక 200 పేజీల నోటు పుస్తకం తెరిచి ఉంటుంది. దాని పేరు 'పోగు పుస్తకం'. టీచర్లు, వంట చేసే అక్కలు, పిల్లలు, ఎవరైనా ఒక ముక్క రాసి పోవచ్చు. రాయడం రాని ఆయమ్మ చెబితే ఐదో తరగతి పిల్లలు రాస్తారు. కాగితం రాసే రోజు ఏం రాయాలా అని తల పట్టుకునే బాధ దీనివల్లే తప్పుతుంది. ఆ ఒక్క పుస్తకం మీరు పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఐదో తరగతి నుంచి వారానికి ఇద్దరు విలేకరులు ఉంటారు. వాళ్లకు నేర్పేది కొంచెమే: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు. ఐదో ప్రశ్న నాకు ముఖ్యం: నువ్వు చూశావా, విన్నావా? ఒక వానాకాలంలో బావి పక్కన పాము కనపడింది. విలేకరి పది అడుగుల నాగుపాము అని రాసుకొచ్చాడు. ఎవరు చూశారని అడిగితే నలుగురి పేర్లు చెప్పాడు. ఆ నలుగురినీ తీసుకెళ్లి, పాము గోడ వారగా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చూపించమన్నాం. టేపు పెట్టి కొలిస్తే రెండున్నర అడుగులు వచ్చింది. వంట అక్క చూసి నీరుకట్టు పాము అంది, దానికి విషం ఉండదు. ఆ వారం కాగితంలో 'రెండున్నర అడుగులు, టేపుతో కొలిచాం' అని వాడే రాశాడు. తర్వాత ఏ కబురు తెచ్చినా ముందే 'చూశాను సార్' అనో 'విన్నాను సార్' అనో చెప్పడం అలవాటైపోయింది.

శుక్రవారం మధ్యాహ్న భోజనం అయ్యాక రాత మొదలవుతుంది. ఒక గంట, మహా అయితే గంటన్నర. హెచ్.ఎం. గారు ఒకసారి చదివి తేదీలు సరిచూస్తారు. తేదీలు రెండో మనిషి కళ్లతో చూడాల్సిందే, రాసినవాడికి తన తప్పు కనపడదు. సాయంత్రం జిరాక్స్. ఏ4 కాగితం, రెండు వైపులా, 90 కాపీలు. 84 పిల్లలకు, మిగతావి గేటుకు, వంటగదికి, ఫైలుకు.

నేను చేత్తోనే రాస్తాను, నల్ల స్కెచ్ పెన్నుతో. టైపు చేసేవాళ్లు అక్షరాలు బాగా పెద్దగా, కనీసం 16 సైజులో పెట్టండి. గిడుగు, గురజాడ పేర్లతో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఉన్నాయి, శీర్షికలకు చూడముచ్చటగా ఉంటాయి. చిన్నపిల్లలు చదవాల్సిన చోట మాత్రం మండలి లాంటి గుండ్రటి, విడివిడిగా కనపడే ఫాంటు మేలు. ఒత్తులు కింది వరుస మీద పడకుండా వరుసల మధ్య ఖాళీ వదలండి. ఒత్తు కనపడకపోతే రెండో తరగతి పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చింది

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇది.

రెండేళ్లు కాగితం నడిపాక ఒక దసరా సెలవుల్లో పాత కాపీలన్నీ ముందేసుకుని పేర్లు లెక్కపెట్టాను. తొమ్మిది పేర్లే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఫస్టు వచ్చేవాళ్లు, కబడ్డీ ఆడేవాళ్లు, గొంతు పెద్దగా ఉన్నవాళ్లు. నలభై మందికి పైగా పిల్లల పేరు రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ నలభై ఇళ్లకు నేను ప్రతి శనివారం వేరేవాళ్ల పిల్లల పొగడ్తలు పంపుతూ వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత హాజరు పట్టీ లాంటిదే ఇంకొకటి గీసుకున్నాను. 84 పేర్లు నిలువుగా, శనివారాలు అడ్డంగా. వారానికి ఐదుగురి పేర్లు. అలా చేస్తే 17 వారాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. బడి జరిగే శనివారాలు సుమారు 34 అనుకుంటే, ఏడాదిలో ప్రతి పిల్లవాడి పేరూ రెండుసార్లు వస్తుంది.

మరి వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చునేవాడి గురించి ఏం రాస్తారని అడుగుతారు. చూడాలి, అంతే. వాడి వంతు రాబోతోందని తెలిశాక ఆ వారమంతా నేను వాణ్నే గమనిస్తాను. ఒకడు రోజూ ఒకటో తరగతి పిల్లల చెప్పులు జతలు జతలుగా సర్దుతాడు, ఎవరూ చెప్పకుండా. ఒకడు కుళాయి కారుతుంటే రాయి పెట్టి బిగించి వచ్చాడు. ఒకడు కొత్తగా ఒడియా మాట్లాడే ఊరి నుంచి వచ్చిన పిల్లవాడికి అన్నం దగ్గర తెలుగు మాటలు నేర్పుతున్నాడు. ఇవన్నీ వార్తలే. మగపిల్లల బడిలో గెలుపు, బలం, గోల వీటికే పేరు వస్తుంది. నెమ్మదిగా, సాయంగా ఉండే మగపిల్లవాడికి కూడా పేరు రావాలి, అది వాళ్ల నాన్న చెవిన పడాలి.

రాసేటప్పుడు 'మంచి బాలుడు', 'ఆదర్శ విద్యార్థి' అని బిరుదులు ఇవ్వకండి. ఏం చేశాడో రాయండి. 'రోజూ చిన్నపిల్లల చెప్పులు సర్దుతున్నాడు' అంటే తల్లికి కళ్ల ముందు కనపడుతుంది.

రాయకూడనివి

మార్కులు, ర్యాంకులు రాయం. ఎవరికి ఏ జబ్బు, ఎవరింట్లో ఏ కష్టం రాయం. కొట్లాటలు రాయం, అవి ఇంటివాళ్లతో ముఖాముఖి మాట్లాడతాం.

సాయం అందుకున్న పిల్లల పేర్లు రాయం. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక దాత పన్నెండు మందికి కొత్త చెప్పులు ఇచ్చారు. సంతోషంగా ఆ పన్నెండు పేర్లూ వేశాను. సోమవారం ఒక కుర్రాడు ఉత్త కాళ్లతో వచ్చాడు. చెప్పులేవిరా అంటే మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, వీధిలో పిల్లలు కాగితం చూసి 'దానం చెప్పులు' అని పిలిచారట. నేను వాళ్లింటికి వెళ్లి వాళ్ల నాన్నకు క్షమాపణ చెప్పుకున్నాను. ఇప్పుడు 'ఒక పెద్దమనిషి చెప్పులు ఇచ్చారు, ఆయనకు మా కృతజ్ఞతలు' అని మాత్రమే రాస్తాను. దాత ఫోటో అడిగినా పిల్లల్ని వరసలో నిలబెట్టను.

ఫోటోల సంగతి వచ్చింది కాబట్టి: పిల్లల ముఖాలు కనపడే ఫోటోలు ఎక్కడ పెట్టాలన్నా ఇంటివాళ్లను ముందు అడగాలి. మేం పిల్లలు గీసిన బొమ్మలే వాడతాం. జిరాక్స్‌లో ఫోటో నల్లగా మరకలా వస్తుంది, బొమ్మ శుభ్రంగా వస్తుంది.

ఒక నమూనా

పోయిన ఏడాది ఆగస్టులో పంపిన ఒక కాగితాన్ని, పిల్లల పేర్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

*శనివారం, 23 ఆగస్టు 2025*

*వచ్చే వారం*

*మంగళవారం, 26 ఆగస్టు: 4, 5 తరగతులు మధ్యాహ్నం మట్టితో వినాయకుణ్ని చేస్తాం. మట్టి మేమే తెస్తాం. పాత చొక్కా వేసి పంపండి. డబ్బులు అక్కర్లేదు. పని మానుకుని రానక్కర్లేదు.*

*బుధవారం, 27 ఆగస్టు: వినాయక చవితి. బడి లేదు. గురువారం, 28న బడి ఉంది.*

*శుక్రవారం, 29 ఆగస్టు: గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఉదయం 9:30కి ప్రతి తరగతి నుంచి ఇద్దరు కథ చెబుతారు. మధ్యాహ్నం 2 గంటలకు పరుగు, ఖోఖో. నీళ్ల సీసా తేవాలి. డబ్బులు అక్కర్లేదు. వీలైతే రండి, పని మానుకుని రానక్కర్లేదు.*

*ఈ వారం*

*ఐదో తరగతి పిల్లలు పెద్ద చెరువు గట్టు మీద ఒక గంట నడిచారు. పదకొండు రకాల పక్షుల్ని లెక్కపెట్టి పేర్లు రాశారు. రెండో తరగతిలో ఒక బాబు తప్పిపోయిన పెన్సిల్ డబ్బా ఎవరిదో కనుక్కుని మూడు గదులు తిరిగి ఇచ్చి వచ్చాడు. వంట అక్కలు చెప్పిన మాట: ఈ వారం ఆకుకూర పప్పు ఒక్కరూ వదల్లేదు.*

*ఇంట్లో అడగండి: ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన పక్క జిల్లా అమ్మాయే. ఎవరు?*

చివరి వరుసను చిన్నచూపు చూడకండి. 'బడిలో ఏమైంది' అని అడిగితే 'ఏటీ నేదు' అనేవాడు, ఇలాంటి ప్రశ్న అడిగితే ఆగకుండా చెబుతాడు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కంచు పతకం తెచ్చిందని తరగతిలో ఆ వారమే చెప్పాం. ఆమె అన్ని కేజీలు ఎలా ఎత్తిందో ఒకటో తరగతి పిల్లవాడు ఇంట్లో బిందె ఎత్తి చూపించాడని వాళ్ల అమ్మ చెప్పింది.

చేతికిచ్చి పంపితే సరిపోదు

శనివారం చివరి పీరియడ్ మొత్తం ఈ కాగితానికే. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు పైకి చదివి వినిపిస్తారు. ఇంట్లో చదవాల్సింది వాళ్లే కాబట్టి ఇక్కడే ఒకసారి చదివేస్తే అక్కడ తడబడరు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పై తరగతుల పిల్లలు ఒక్కొక్కరు ఒక చిన్నవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి అంశం పక్కనా ఒక బొమ్మ గీయిస్తారు. సెలవుకు ఇల్లు, ఆటలకు బంతి, మాత్రకు గుండ్రటి చుక్క. బొమ్మ చూసి చిన్నవాడు సంగతి చెప్పేస్తాడు. చదవడం నేర్పడానికి నా దగ్గరున్న పాఠాలన్నిటి కంటే ఈ పీరియడే ఎక్కువ పని చేసింది, ఎందుకంటే వాడు చదివే దానికోసం ఇంట్లో ఒకరు ఎదురుచూస్తున్నారని వాడికి తెలుసు.

సంతకాలు అడగను. వేలిముద్ర వేసే తల్లి సంతకం అడిగిన కాగితం చూస్తే దాన్ని పక్కన పెడుతుంది. దాని బదులు సోమవారం ప్రార్థన అయ్యాక 'ఇంట్లో అడగండి' ప్రశ్నకు ఇంట్లో ఏమన్నారో చెప్పమంటాను. ఎవరి ఇంట్లో కాగితం విన్నారో అప్పుడే తెలిసిపోతుంది.

వాట్సాప్ కూడా వాడతాం, కానీ కాగితం బదులు కాదు. ఫోను నాన్నతో పాటు పనికి పోతుంది, కాగితం మాత్రం ఇంట్లోనే ఉంటుంది. గ్రూపులో కాగితం ఫోటోతో పాటు నా గొంతుతో ఒకటిన్నర నిమిషం ఆడియో పెడతాను. వేరే ఊళ్లో పనిలో ఉన్న నాన్నలు అదే వింటారు. గ్రూపులో శుభోదయాలు, ఫార్వర్డులు వద్దని మొదటి రోజే చెప్పాలి, లేకపోతే అసలు సంగతి వాటి అడుగున పడిపోతుంది.

తుపాను, సిరిమాను

మా ప్రాంతంలో అక్టోబర్ నెలకు ముందే సిద్ధంగా ఉండాలి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందు రోజు సోమవారం తొలేళ్లు. ఊరంతా జనం, రోడ్లు మూసేస్తారు, ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు. ఆ రెండు రోజుల సంగతి మూడు శనివారాల ముందు నుంచే కాగితంలో పెడతాను. 'స్థానిక సెలవు' అని రాస్తే ఎవరికీ గుర్తుండదు. 'సిరిమాను రోజు బడి లేదు, బడి మళ్లీ తెరిచేది బుధవారం' అని రాస్తే అందరికీ గుర్తుంటుంది.

తుపాను అలా ముందు చెప్పి రాదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు పలకలేదు, జిరాక్స్ షాపు లేదు. బడి ఎప్పుడు తెరుస్తారో చెప్పే దారే లేదు. చేత్తో ఎనిమిది కాగితాలు రాసి రేషన్ డిపో, వీధి కుళాయి, గుడి, పాల బూత్ దగ్గర అంటించాం. కష్టకాలంలో జనం తప్పకుండా వచ్చే చోట్లు అవే. ఆ ఎనిమిది చోట్ల జాబితా ఇప్పటికీ పోగు పుస్తకం అట్ట లోపల రాసి ఉంది. ఏ వీధికి ఏ ఐదో తరగతి కుర్రాడి ఇంటివాళ్లు కబురు చేరవేస్తారో కూడా పక్కనే రాసుకుంటాం. ఏటా జూన్‌లో ఆ జాబితా మారుస్తాం. గాలీ వానా ఉన్నప్పుడు పిల్లల్ని పంపం, పెద్దవాళ్లే వెళ్తారు.

ఏడాదిలో చివరి కాగితం

వేసవి సెలవుల ముందు ఇచ్చేది కొంచెం మందపాటి కాగితం మీద తీయిస్తాను. ఆ రెండు నెలలు మా పిల్లల్లో కొందరు అమ్మానాన్నల వెంట ఇటుక బట్టీలకో, పట్నంలో కట్టుబడి పనుల దగ్గరికో వెళ్లిపోతారు. అక్కడి నుంచి తిరిగి రావడం ఆలస్యమైతే బడి తెరిచిన సంగతి తెలియక జూలై దాకా రారు. అందుకని ఆ కాగితంలో పైన పెద్ద అక్షరాలతో ఒక్కటే ఉంటుంది: 'బడి తెరిచేది జూన్ 12'. కింద, పిల్లవాడు ఏ తరగతిలోకి వెళ్తున్నాడో వాడి చేతే రాయిస్తాను. ఆ కాగితాన్ని రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో దాచుకోమని చెబుతాం. ఎక్కడికి వెళ్లినా ఆ కవరు వాళ్ల వెంటే ఉంటుంది.